స్టేట్‌మెంట్‌లో ఒక వరుస: గడి గడికీ వ్యాఖ్యానం

మూలం:

03/04/2025 | 03/04/2025 | యూపీఐ/డీఆర్/509312345678/శ్రీ వెంక/యెస్‌బీ/పేమెం | 340.00 | – | 18,412.55

ఇది ఎవరి ఖాతాలోదీ కాదు, నమూనాకు నేను కట్టిన వరుస. అయినా మన దగ్గర ఏ సేవింగ్స్ ఖాతా స్టేట్‌మెంట్ తీసినా పేజీ నిండా ఇలాంటివే ఉంటాయి. ఇంటి జమాఖర్చులకు సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ళ మధ్య తెగని పేచీ ఒకటుంది. ఈ వరుసను సాఫ్ట్‌వేరే బ్యాంకు నుంచి తెచ్చుకోవాలా, డబ్బిచ్చిన మనిషి అప్పటికప్పుడు చేత్తో ఎక్కించుకోవాలా అని. మొదటిదాన్ని ఇంపోర్ట్ అంటారు, రెండోదాన్ని మాన్యువల్ ఎంట్రీ అంటారు. నేను ఏ పక్షమో ముందే చెబుతాను. ఖర్చు రాయాల్సింది మనిషి. రాసినదాంట్లో ఏది తప్పిపోయిందో, ఏది తప్పు పడిందో పట్టుకోవడానికి బ్యాంకు ఫైలు పనికొస్తుంది. ఈ క్రమం తిరగబడి, ఫైలు రాస్తూంటే మనం చూస్తూ కూర్చుంటే, నెలాఖరుకు చక్కటి రంగుల చార్టు చేతికొస్తుంది. అప్పటికి డబ్బూ అయిపోయి ఉంటుంది. అలాగని ఇంపోర్ట్ మొత్తాన్నీ తీసిపారేసేవాళ్ళతోనూ నాకు పొత్తు కుదరదు. ముందు వరుసలోని గడులు చూసి, తర్వాత సాఫ్ట్‌వేర్ మాటల దగ్గరికి వెళదాం.

03/04/2025

మనకు ఇది ఏప్రిల్ 3. అమెరికా పద్ధతికి అలవాటుపడ్డ సాఫ్ట్‌వేర్‌కు మార్చి 4. సీఎస్‌వీ ఫైలులో ముందున్నది రోజో నెలో చెప్పే గుర్తేమీ ఉండదు. సాఫ్ట్‌వేర్ తనే ఊహిస్తుంది, లేదా ఇంపోర్ట్ చేసే ముందు మనల్ని అడుగుతుంది. మనం చదవకుండా 'తర్వాత' నొక్కేస్తాం. పన్నెండో తేదీ దాకా ఏ లోపమూ బయటపడదు. 13/04 రాగానే, పదమూడో నెల లేదు కనుక, సాఫ్ట్‌వేర్ మొరాయిస్తుంది. అలా మొరాయిస్తే మన అదృష్టం. పదో తేదీకే ఫైలు దించుకున్నవాడికి ఆ అదృష్టమూ లేదు. ఏప్రిల్ 10 నాటి ఖర్చు అక్టోబరులోకి, ఏప్రిల్ 3 నాటిది మార్చిలోకి పోతుంది. మార్చిలోకి అంటే మన లెక్కన గడిచిపోయిన ఆర్థిక సంవత్సరంలోకి. పన్ను లెక్కలకు ఆ ఫైలునే నమ్ముకున్నవాళ్ళు ఈ తేడాను జులైలో రిటర్ను వేసేటప్పుడు కనుక్కుంటారు, కనుక్కుంటే.

రెండో తేదీ వ్యాల్యూ డేటు. వడ్డీ ఏ రోజు నుంచి లెక్కలోకి వస్తుందో చెప్పేది. యూపీఐలో రెండు తేదీలూ ఒకటే కాబట్టి దీని మీద చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. చెక్కులు, క్రెడిట్ కార్డుల దగ్గర మాత్రం తేదీల మధ్య ఎడం ఉంటుంది. 30న కార్డు గీకితే 2న పద్దు పడొచ్చు. గీకినప్పుడే చేత్తో రాసుకుంటే ఆ ఖర్చు 30నే, ఆ నెల బడ్జెట్‌లోనే ఉంటుంది. ఇంపోర్ట్‌ను నమ్ముకున్నవాడికి నెలాఖరు ఖర్చులన్నీ తర్వాతి నెలలోకి జారి, ఈ నెల పొదుపుగా గడిచిందన్న భ్రమ మిగులుతుంది.

యూపీఐ/డీఆర్/…/శ్రీ వెంక/యెస్‌బీ/పేమెం

ఎక్కువ వ్యాఖ్యానం కావలసింది ఈ గడికే. బ్యాంకులు దీన్ని నరేషన్ అంటాయి, కొన్ని పార్టిక్యులర్స్ అని రాస్తాయి. యూపీఐ అంటే డబ్బు వెళ్ళిన దారి. డీఆర్ అంటే ఖాతాలోంచి పోయింది. యెస్‌బీ అవతలి బ్యాంకు గుర్తు. చివరన ఉన్నది 'పేమెంట్' అన్న మాట, చోటు చాలక తెగింది. ఇక మిగిలింది 'శ్రీ వెంక'.

శ్రీ వెంకటేశ్వర పేరు లేని బజారు మన ఊళ్ళలో ఉందా? మందుల షాపు ఆయన పేరు మీదే, టిఫిన్ సెంటరు ఆయన పేరు మీదే. కిరాణా, ఫ్యాన్సీ స్టోరు, జిరాక్సు, మోటార్ రివైండింగ్ అన్నీ అంతే. పేరు సగంలో తెగినచోట ఇవన్నీ ఒక్కటైపోతాయి. పైగా క్యూఆర్ కోడ్ గీకినప్పుడు చాలాసార్లు బోర్డు మీది పేరు రానే రాదు, ఖాతా ఎవరి పేరున ఉంటే వాళ్ళ పేరే వస్తుంది. మనం రోజూ 'సందు చివర కొట్టు' అనుకునేది స్టేట్‌మెంట్‌లోకి వచ్చేసరికి ఎన్నడూ వినని మనిషి పేరవుతుంది. ఆ మనిషి కొట్టతని భార్యో, కొడుకో, బావమరిదో మనకేం తెలుసు?

నెలాఖరున ఈ వరుస ముందు కూర్చున్న ఇంట్లో మాటలు ఇలా నడుస్తాయి.

"ఏవండీ, మూడో తారీఖున మూడొందల నలభై ఎవరికిచ్చారు?"

"మూడో తారీఖా? ఏ వారం?"

"గురువారం."

"మందులేమో. అమ్మకి బీపీ మాత్రలు తెచ్చాగా."

"అవి సోమవారం తెచ్చారు. గుర్తుచేసింది నేనేగా."

"అయితే టిఫిన్లేమోనే. ఏదో ఒకటి వేసెయ్."

ఏదో ఒకటి వేస్తారు. ఎక్కువసార్లు అది 'ఇతరాలు'లోకి పోతుంది. అలా రెండు మూడు నెలలు గడిస్తే ఆ ఇంట్లో కూరగాయల కన్నా, కరెంటు కన్నా పెద్ద ఖర్చు ఇతరాలే అవుతుంది. ఆ పద్దును ఎంత పరీక్షగా చూసినా దేన్ని తగ్గించుకోవాలో తెలియదు. ఇచ్చిన క్షణాన, కొట్టు ముందు నిలబడి, 'మందులు 340' అని టైప్ చేయడానికి ఎంతసేపు పడుతుంది? నరేషన్ ఎప్పటికీ చెప్పలేని సంగతి ఆ ఒక్క మాటలో ఉంది.

509312345678

యూపీఐ చెల్లింపుకు ఉండే పన్నెండంకెల రిఫరెన్సు సంఖ్య. సాధారణంగా దీని మొదటి అంకె సంవత్సరంలోని చివరి అంకె, తర్వాతి మూడూ ఆ ఏడాదిలో ఎన్నో రోజో చెబుతాయి. 5 అంటే 2025. 093 అంటే తొంభై మూడో రోజు. జనవరి, ఫిబ్రవరి, మార్చి కలిపితే తొంభై, ఆపై మూడు, అంటే ఏప్రిల్ 3. పైన తేదీ గడిలో మార్చా ఏప్రిలా అని తగువు పడ్డాం కదా, దాన్ని ఈ గడి తీర్చేస్తుంది.

దీని వల్ల ఇంకో లాభం కూడా ఉంది. మీ ఒక ఖాతాలోంచి మీదే మరో ఖాతాలోకి పంపుకుంటే రెండు స్టేట్‌మెంట్లలోనూ ఇదే సంఖ్య కనిపిస్తుంది. అది ఖర్చు కాదనీ, ఖాతా మారిన డబ్బనీ గుర్తుపట్టడానికి ఇంతకన్నా గట్టి ఆధారం లేదు. సాఫ్ట్‌వేర్ ఈ సంఖ్యను నరేషన్‌లోంచి విడదీసి ప్రత్యేకంగా దాచుకోగలదా లేదా అన్నది కొనేముందు అడగాల్సిన ప్రశ్న. చాలామంది చార్టుల రంగులు చూసి కొంటారు.

340.00 | –

రెండు గడులు: పోయింది ఒకదాంట్లో, వచ్చింది ఒకదాంట్లో. కొన్ని బ్యాంకులు ఒకే గడిలో అంకె వేసి పక్కన డీఆర్, సీఆర్ అని తగిలిస్తాయి. కొన్ని విదేశీ ఫైళ్ళలో పోయినదానికి మైనస్ గుర్తు ఉంటుంది. ఏ గడి ఏమిటో సాఫ్ట్‌వేర్‌కు మొదటిసారి మనమే చెప్పాలి. తిరగేసి చెబితే జీతం ఖర్చై, అద్దె ఆదాయమై కూర్చుంటాయి. అది నవ్వు తెప్పించే తప్పు, వెంటనే దొరుకుతుంది. దొరకనిది కామా తప్పు. 1,25,000.00 అన్న అంకెను కొటేషన్ గుర్తుల మధ్య పెట్టకుండా కామాలతో విడదీసే ఫైలులో రాస్తే అది మూడు గడులై పగిలిపోతుంది. మొదటి గడిలో 1 ఉంటుంది. లక్షా పాతికవేలు ఒక్క రూపాయిగా నమోదవుతుంది.

జీఎన్‌యూక్యాష్ లాంటి జంటపద్దుల సాఫ్ట్‌వేర్ కొత్తగా పట్టినవాళ్ళు ఇక్కడ ఇంకో చోట తడబడతారు. స్టేట్‌మెంట్‌లో డెబిట్ అన్నది సాఫ్ట్‌వేర్‌లో క్రెడిట్‌గా కనిపిస్తుంది. తప్పేమీ లేదు. మీ డిపాజిట్ మీకు ఆస్తి, బ్యాంకుకు బాకీ. స్టేట్‌మెంట్ బ్యాంకు వైపు నుంచి రాసింది.

18,412.55

వరుస మొత్తంలో నేను అన్నిటికన్నా విలువిచ్చే గడి ఇది. చాలా సాఫ్ట్‌వేర్లు ఇంపోర్ట్‌లో వదిలేసే గడి కూడా ఇదే. ఆ చెల్లింపు తర్వాత ఖాతాలో మిగిలిన నిల్వ. పైనున్న గడులన్నీ ఒక్కొక్క సంఘటన గురించి చెబుతాయి. నిల్వ ఒక్కటే అంతకుముందు జరిగిన ప్రతి పద్దునూ కూడి చెబుతుంది. మీ లెక్కలో ఏప్రిల్ 3 రాత్రికి 18,412.55 ఉంటే, ఆ తేదీ దాకా ఏ పద్దూ తప్పిపోలేదనీ రెండుసార్లు పడలేదనీ దాదాపు ధైర్యంగా అనొచ్చు. మామూలు టెక్స్ట్ ఫైలులో లెక్కలు రాసుకునే బీన్‌కౌంట్ అనే పద్ధతిలో 'ఈ తేదీకి నిల్వ ఇంత' అని ఒక వరుస రాసుకునే వీలుంది. అది కుదరకపోతే సాఫ్ట్‌వేర్ ఎర్రర్ చూపిస్తుంది. వందల వరుసలు ఇంపోర్ట్ చేయడం కన్నా, వారానికి ఇలాంటి నిల్వ ఒక్కటి చేత్తో రాసుకోవడం మేలు.

ఇంపోర్ట్

1983లో మొదలైన ఇంట్యూట్ కంపెనీ క్వికెన్ అనే సాఫ్ట్‌వేర్‌తో ఇంటి లెక్కలను కంప్యూటర్‌కు ఎక్కించింది. మొదట్లో అది చెక్కుబుక్కు పద్దును తెర మీద చేత్తో రాసుకునే పనిముట్టే. దాని ఫైలు రూపం క్యూఐఎఫ్. అందులో తేదీ, మొత్తం, పేరు ఉండేవి. ఒక పద్దును మరో పద్దు నుంచి ఖాయంగా వేరుచేసే గుర్తింపు సంఖ్య మాత్రం లేదు. 1997లో మైక్రోసాఫ్ట్, ఇంట్యూట్, చెక్‌ఫ్రీ కలిసి ఓఎఫ్ఎక్స్ తెచ్చినప్పుడు ఆ లోటు తీరింది. బ్యాంకు ప్రతి పద్దుకూ ఇచ్చే ప్రత్యేక సంఖ్య అందులో ఉంటుంది. అదే ఫైలును రెండోసారి ఎక్కించినా పద్దులు రెండింతలు కావు.

మన దగ్గర ఎక్కువగా దొరికేవి పీడీఎఫ్, ఎక్సెల్, సీఎస్‌వీలు. పీడీఎఫ్‌కు పాస్‌వర్డు ఉంటుంది. ఎక్సెల్ అని ఇచ్చిన ఫైలు ఒక్కోసారి ట్యాబ్‌లతో విడదీసిన మామూలు టెక్స్టే అయి ఉంటుంది, పేరు చివర మాత్రమే ఎక్స్‌ఎల్‌ఎస్. పైన బ్యాంకు చిరునామా, ఖాతా వివరాలు ఇరవై వరుసలు, కింద 'ఇది కంప్యూటర్ తయారుచేసిన స్టేట్‌మెంట్, సంతకం అక్కర్లేదు' అన్న వాక్యం. ఇవన్నీ కత్తిరిస్తే గాని ఫైలు ఎక్కదు. అంటే ఆటోమేటిక్ అనుకున్న పనికి కూడా నెలకోసారి చేతిపని తప్పదు.

డూప్లికేటు

ప్రత్యేక సంఖ్య లేని ఫైలులో సాఫ్ట్‌వేర్ తేదీ, మొత్తం చూసి 'ఇది ఇంతకుముందే ఉంది' అని తేలుస్తుంది. ఒకే రోజు ఒకే కొట్టులో రెండుసార్లు టీ తాగి ఇరవై, ఇరవై ఇస్తే ఒకటి మాయమవుతుంది. ఇది చిన్న నష్టం. పెద్దది దీనికి ఎదురుది. చేత్తో రాసినది 350 అని ఉండి, బ్యాంకులో 340 ఉంటే సాఫ్ట్‌వేర్ రెండింటినీ కలపదు. ఒక్క ఖర్చు రెండుగా మిగులుతుంది. చేత్తో రాసే అలవాటు, ఇంపోర్ట్ చేసే అలవాటు రెండూ ఉన్నవాళ్ళు ఈ జంటలను ఓపికగా కలపాలి. వైనాబ్, జీఎన్‌యూక్యాష్, యాక్చువల్ బడ్జెట్ అనే సాఫ్ట్‌వేర్లు మూడూ చేత్తో రాసిన పద్దునూ ఇంపోర్ట్ అయిన పద్దునూ జతచేసే సౌకర్యం ఇస్తాయి. ఇది లేని సాఫ్ట్‌వేర్‌లో ఏదో ఒక పద్ధతికే కట్టుబడి ఉండడం నయం.

కనెక్షన్

ఫైళ్ళ గొడవ లేకుండా సాఫ్ట్‌వేర్ నేరుగా బ్యాంకులోంచి తెచ్చుకునే ఏర్పాటు. అమెరికాలో ఆరన్ ప్యాట్జర్ మొదలుపెట్టిన మింట్ 2007లో జనంలోకి వచ్చింది. బ్యాంకు యూజర్‌నేమ్, పాస్‌వర్డు ఇస్తే చాలు, మిగతాది అదే చూసుకుంటుందన్నది దాని ఆకర్షణ. 2009లో ఇంట్యూట్ దాన్ని 17 కోట్ల డాలర్లకు కొన్నది, 2024 మార్చిలో మూసేసింది. ఉచితంగా వస్తున్న సౌకర్యం కాబట్టి ఎవరూ పోట్లాడలేకపోయారు. అక్కడి మన తెలుగు కుటుంబాల్లో ఏళ్ళ తరబడి ఖాతాలన్నీ దానికే కట్టేసుకున్నవాళ్ళు ఆ చలికాలం కొత్త సాఫ్ట్‌వేర్ వెతుక్కున్నారు. వాళ్ళకు ఇంకో చిక్కు కూడా ఉంది. ప్లెయిడ్ లాంటి మధ్యవర్తులు అమెరికా బ్యాంకులను కలుపుతారు గాని ప్రవాసులు ఇక్కడ ఉంచుకునే ఎన్‌ఆర్‌ఈ, ఎన్‌ఆర్‌ఓ ఖాతాలను కలపరు. హైదరాబాదులో ఫ్లాటు అద్దె ఎన్‌ఆర్‌ఓ ఖాతాలో పడితే, న్యూజెర్సీలో ఉన్నవాళ్ళు దాన్ని చేత్తోనే రాసుకోవాలి.

పాస్‌వర్డు ఇంకొకరి చేతికిచ్చే పద్ధతి మంచిది కాదని ఐరోపా పీఎస్‌డీ2 నిబంధనలతో అనుమతి మీద నడిచే దారి వేసింది. మనవాళ్ళు వేసిన దారి ఇంకా శుభ్రమైనది: అకౌంట్ అగ్రిగేటర్. రిజర్వు బ్యాంకు 2016 సెప్టెంబరులో నిబంధనలు ఇచ్చింది. 2021 సెప్టెంబరు 2న ఎనిమిది బ్యాంకులతో మొదలైంది. ఇందులో పాస్‌వర్డు మాటే లేదు. ఏ ఖాతా సమాచారం, ఎందుకోసం, ఎంతకాలం, ఎన్నిసార్లు అన్నది అనుమతి పత్రంలో ఉంటుంది. వద్దనుకుంటే వెనక్కి తీసుకోవచ్చు. మధ్యనున్న అగ్రిగేటరు సమాచారాన్ని మోసుకెళ్తుందే తప్ప విప్పి చదవలేదు. సమాచారం తాళంతోనే ప్రయాణం చేస్తుంది.

ఇంత బాగున్న ఏర్పాటులో నాకున్న అసంతృప్తి ఒకటే. సమాచారాన్ని అందుకునేవాడు రిజర్వు బ్యాంకో, సెబీయో, బీమా, పెన్షన్ నియంత్రణ సంస్థలో, వీటిలో ఏదో ఒకదాని కింద నమోదైన సంస్థ అయి ఉండాలి. అప్పిచ్చే కంపెనీ నా అనుమతితో నా ఏడాది స్టేట్‌మెంట్‌ను నిమిషాల్లో తెప్పించుకోగలదు. నా లాప్‌టాప్‌లోని జీఎన్‌యూక్యాష్‌కు మాత్రం నేను అదే దారిన తెచ్చుకోలేను. ఆ సమాచారం నాదే. అయినా నా లాప్‌టాప్ ఎవరి దగ్గరా నమోదైన సంస్థ కాదు. కనుక ఇంటి లెక్కలు సొంతంగా రాసుకునేవాడికి ఇక్కడ ఇప్పటికీ మిగిలింది నెట్ బ్యాంకింగ్‌లోంచి దించుకున్న ఫైలే.

ఎస్‌ఎంఎస్

మన దేశంలో ఇంపోర్ట్‌కు దొరికిన అడ్డదారి. బ్యాంకు మెసేజీలను చదివి ఖర్చు రాసిపెట్టే వాల్‌నట్ లాంటి యాప్‌లు పదేళ్ళ క్రితం బాగా నడిచాయి. ఐఫోన్‌లో యాప్‌లకు మెసేజీలు చదివే వీలే లేదు. ఆండ్రాయిడ్‌లో 2019 నుంచి ఆ అనుమతి మీద గూగుల్ కట్టడి పెంచింది. 'మీ ఈఎంఐ 5వ తేదీన డెబిట్ అవుతుంది' అన్న ముందస్తు మెసేజీ ఒకటి, అయ్యాక ఇంకొకటి. తెలివితక్కువ యాప్ రెండింటినీ ఖర్చుగా రాసేది. ఇక చిన్న మొత్తాలకు మెసేజీలే ఆపేసిన బ్యాంకులున్నాయి. ఒక పెద్ద ప్రైవేటు బ్యాంకు 2024 జూన్ 25 నుంచి వంద రూపాయల లోపు యూపీఐ చెల్లింపులకు ఎస్‌ఎంఎస్ పంపడం మానేసింది. టీలూ ఆటోలూ కూరగాయలూ అన్నీ ఆ వంద లోపువే. ఈ దారి మీద ఆశ పెట్టుకోవద్దు.

యూపీఐ లైట్

ఇంపోర్ట్ పక్షంవాళ్ళు సమాధానం చెప్పాల్సిన మాట ఇది. 2022 సెప్టెంబరులో వచ్చింది. ఖాతాలోంచి కొంత డబ్బు ఫోన్‌లోని లైట్‌లో వేసుకుంటే, చిన్న చెల్లింపులు పిన్ లేకుండా అందులోంచే పోతాయి. చిల్లర చెల్లింపుల బరువు బ్యాంకు కంప్యూటర్ల మీద పడకుండా ఉండడానికే దీన్ని తెచ్చారు. అందుకని ఆ చెల్లింపులు స్టేట్‌మెంట్‌లోకి రావు. లైట్‌లోకి వెయ్యి రూపాయలు వేసుకున్న వరుస ఒక్కటి వస్తుంది. ఆ వెయ్యి ఎన్ని టీలైందో, ఎన్ని ఆటోలైందో ఫోన్‌లోని యాప్ చరిత్రలో వెతుక్కోవాలి. ఏటీఎంలో తీసిన నగదుకు ఉన్న జబ్బే దీనికీ ఉంది. ఫైలు అక్కడితో ఆగిపోతుంది. డిజిటల్ చెల్లింపులు పెరిగే కొద్దీ ఇంపోర్ట్‌కు అన్నీ దొరికిపోతాయన్న లెక్క ఇలా తప్పింది.

ట్రాన్స్‌ఫర్

కార్డు మీద నెలంతా పన్నెండు వేల సరుకులు కొన్నారు. కార్డు ఫైలు ఇంపోర్ట్ చేస్తే పన్నెండు వేల ఖర్చు. తర్వాత బ్యాంకులోంచి కార్డు బిల్లు కట్టారు. బ్యాంకు ఫైలు ఇంపోర్ట్ చేస్తే ఇంకో పన్నెండు వేలు. రెండోది ఖర్చు కాదు, ట్రాన్స్‌ఫర్. సాఫ్ట్‌వేర్‌కు ఆ సంగతి ఎవరో చెప్పాలి. ఫిక్స్‌డ్ డిపాజిట్, సిప్, భార్యాభర్తలు ఒకరి ఖాతాలోంచి ఒకరి ఖాతాలోకి పంపుకునేవి అన్నీ ఈ కోవలోవే. చేత్తో రాసేవాడు బిల్లు కట్టినప్పుడే ట్రాన్స్‌ఫర్ అని రాస్తాడు. అతనికి ఇది ఆలోచించాల్సిన విషయమే కాదు.

కేటగిరీ, రూలు

'శ్రీ వెంక' అని ఉంటే మందులు అని ఒకసారి చెబితే సాఫ్ట్‌వేర్ ఇకమీదట అలాగే వేస్తుంది. జీఎన్‌యూక్యాష్ ఇంకో మెట్టెక్కి, మునుపు మీరు వేసిన పద్దులను బట్టి సంభావ్యత లెక్కగట్టి సూచిస్తుంది. కరెంటు బిల్లు, గ్యాసు, ఫోన్ రీఛార్జి, బీమా ప్రీమియం ఇలాంటివాటికి ఇది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. పేరు మారదు, ఖర్చు స్వభావమూ మారదు. క్యూఆర్ గీకిన కొట్ల దగ్గర మాత్రం తడబడుతుంది. అక్కడ రూలు పెట్టి వదిలేస్తే టిఫిన్లన్నీ మందుల కింద జమై, ఏడాది చివర ఇంట్లో ఎవరికో దీర్ఘరోగం ఉన్నట్టు చార్టు చెబుతుంది.

స్ప్లిట్

సూపర్ మార్కెట్లో 2,860 బిల్లు. బియ్యం, సబ్బులు, పిల్లవాడి బడి సంచి. బ్యాంకుకు అది ఒక్క వరుస. విడగొట్టాలంటే బిల్లు కావాలి. నెలాఖరుకు థర్మల్ కాగితం మీది అచ్చు వెలిసిపోయి ఉంటుంది. ఇంటి రుణం ఈఎంఐ కూడా అంతే. వరుసలో ఒకే అంకె, అందులో వడ్డీ ఎంతో అసలు ఎంతో ఉండదు. పాత పన్ను విధానంలో ఉన్నవాళ్ళకు వడ్డీకి ఒక సెక్షను, అసలుకు మరో సెక్షను. ఆ విభజన బ్యాంకు ఇచ్చే రుణ పట్టికలోంచి చేత్తో ఎక్కించాల్సిందే.

మాన్యువల్ ఎంట్రీ

ఇంపోర్ట్ లేని రోజుల్లో అందరూ చేసింది ఇదే. జపాన్‌లో హానీ మోతోకో అనే పాత్రికేయురాలు 1904లో గృహిణుల కోసం కకేబో అనే పద్దు పుస్తకం అచ్చువేయించింది. మన ఇళ్ళలో గోడకు వేలాడే క్యాలెండరు మీద పాలు, పేపరు లెక్కలు రాయడం దానికి చుట్టమే. చేత్తో రాస్తే ఖర్చు తగ్గుతుందనుకోవడానికి ఆర్థికశాస్త్రంలోనూ ఒక ఆసరా దొరుకుతుంది. డబ్బిచ్చేటప్పుడు మనిషికి కలిగే నొప్పి గురించి ప్రెలెక్, లోవెన్‌స్టైన్ 1998లో రాసిన వ్యాసం ఈ రంగంలో పేరున్నదే. నోట్లు లెక్కపెట్టి ఇచ్చేటప్పుడు ఆ నొప్పి తెలుస్తుంది. క్యూఆర్ గీకితే దాదాపు తెలియదు. గీకిన వెంటనే అంకె టైప్ చేయడం ఆ నొప్పిని కాస్త వెనక్కి తెస్తుంది. 'ఈ నెల బయటి తిండికి మిగిలింది 210' అని అప్పుడే తెర మీద కనబడితే, రాత్రి పిజ్జా సంగతి ఇంకోలా తేలుతుంది. 2004లో జెస్సీ మెచామ్ ఒక స్ప్రెడ్‌షీటుగా మొదలుపెట్టిన వైనాబ్ చాలాకాలం ఈ కారణంతోనే చేత్తో రాయమని పట్టుబట్టింది. 2015 చివర కొత్త రూపంలో వచ్చాక అదీ బ్యాంకులకు కనెక్షన్ ఇచ్చింది. వ్యాపారం కదా.

చేతిరాతకున్న లోపాలూ చిన్నవి కావు. నాలుగు రోజులు రాయకపోతే ఐదో రోజు కొండలా కనిపిస్తుంది, ఆ తర్వాత యాప్ తెరవడమే మానేస్తాం. అంతకన్నా ముఖ్యం, మన చేయి పడకుండా పోయే డబ్బు ఉంది. బ్యాంకు కోసుకునే ఎస్‌ఎంఎస్ ఛార్జీ, దాని మీద జీఎస్‌టీ, ఉచిత పరిమితి దాటిన ఏటీఎం ఛార్జీ, ఎప్పుడో అనుమతిచ్చి మర్చిపోయిన ఓటీటీ చందా. వచ్చేదాంట్లో మూడు నెలలకోసారి పడే సేవింగ్స్ వడ్డీ. దాన్ని రిటర్నులో చూపించాలి, గుర్తుండదు. వీటిని మనిషి రాయలేడు, వాటి సంగతే అతనికి తెలియదు. ఫైలు మాత్రమే చెబుతుంది. ఇంపోర్ట్ వద్దనేవాళ్ళు ఈ నాలుగు వరుసల కోసమైనా నెలకోసారి ఫైలు దించుకోవాలి.

రికన్సైల్

రెంటినీ పక్కపక్కన పెట్టి సరిచూసుకోవడం. మీ లెక్క నిల్వ, బ్యాంకు నిల్వ ఒకటి కావాలి. కాకపోతే తేడాను ముందు తొమ్మిదితో భాగించి చూడండి. నిశ్శేషంగా పోతే అంకెలు అటూ ఇటూ అయ్యాయేమో వెతకండి. 540 బదులు 450 రాస్తే తేడా 90. భాగించబడకపోతే తేడాలో సగం ఉన్న పద్దు కోసం చూడండి, జమ కావలసింది ఖర్చులో పడి ఉండొచ్చు. గుమాస్తాలు తరతరాలుగా వాడుతున్న చిట్కాలివి, కంప్యూటర్ వచ్చినా చెల్లుబాటు పోలేదు. అదీ కాకపోతే తేడాకు సరిపోయే వరుసను బ్యాంకు ఫైలులో చూడండి. ఎక్కువసార్లు ఏ ఛార్జీయో, మర్చిపోయిన చందాయో దొరుకుతుంది.

పని ఇలా పంచుకోమంటాను. క్యూఆర్ గీకినవి, నగదు, యూపీఐ లైట్‌లోంచి పోయినవి అక్కడికక్కడే చేత్తో. బిల్లులు, ఈఎంఐలు, చందాలు, ఛార్జీలు, వడ్డీ నెలకోసారి ఫైలులోంచి. వారానికోసారి నిల్వ సరిచూపు. రోజుకు పాతిక యూపీఐలు నడిచే చిన్న వ్యాపారం ఉన్నవాళ్ళకు ఈ సలహా చెల్లదు. వాళ్ళు ముందు వ్యాపారానికి వేరే ఖాతా తెరుచుకుని, దానికి ఇంపోర్ట్ పెట్టుకోవాలి.

ఎంత వెతికినా తేడా దొరకని నెల ఒకటి వస్తుంది. సాఫ్ట్‌వేర్‌లో సర్దుబాటు బటన్ ఉంది, మొహమాటం లేకుండా నొక్కండి. కాకపోతే ఆ పద్దును 'ఇతరాలు'లో కలపకండి. 'తెలియని ఖర్చు' అని వేరే కేటగిరీ తెరిచి అందులో వెయ్యండి, నెలనెలా అది ఎంతవుతుందో చూసుకోండి.